పెద్ద బ్యాటరీ ఎవరికి, మామూలుది ఎవరికి?

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలోనైనా, అశోక్‌నగర్ సందుల్లోని స్టడీ హాళ్లలోనైనా గ్రూప్స్‌కో సివిల్స్‌కో చదివే పిల్లల సంచుల్లో ఇప్పుడు పుస్తకాలతో పాటు ల్యాప్‌టాప్ కూడా ఉంటోంది. రికార్డు చేసిన క్లాసులు, పీడీఎఫ్ నోట్సు, ఆన్‌లైన్ టెస్టులు అన్నీ అందులోనే. ఇంటి దగ్గర అమ్మానాన్నలు పంపే డబ్బులో హాస్టల్ ఫీజు, కోచింగ్ ఫీజు పోగా మిగిలే దాంట్లో కొన్నది కాబట్టి, చాలామంది చేతుల్లో ఉండేది కొత్త మెషిన్ కాదు. కంపెనీలు కొన్నేళ్లు వాడి వదిలేసిన లెనోవో థింక్‌ప్యాడో, డెల్ లాటిట్యూడో. అలాంటి మెషిన్లు గట్టివే. కీబోర్డు బాగుంటుంది, విడిభాగాలు దొరుకుతాయి. అలసిపోయి వచ్చేది బ్యాటరీ ఒక్కటే.

దాన్ని మార్చడానికి దుకాణానికి వెళ్తే కౌంటర్ మీద రెండు పెడతారు. ఒకటి మామూలుది, ఇంకొకటి లావుగా కిందికి పొడుచుకొచ్చినట్టు ఉండేది. ‘‘అన్నా, ఈ పెద్దది ఎంతసేపొస్తది?’’ ‘‘తొమ్మిది సెల్స్‌ది తమ్మీ, డబుల్ వస్తది.’’ అక్కడితో మాట తెగిపోతుంది. దేనికి డబుల్, ఎన్ని గంటలకు డబుల్ అని అడిగేవాళ్లు తక్కువ. సెల్స్ ఎన్ని అన్నది అసలు సరైన ప్రశ్నే కాదు. అడగాల్సింది వాట్-అవర్లు ఎన్ని అని.

పాత తరహా ల్యాప్‌టాప్ బ్యాటరీని విప్పి చూస్తే లోపల పెన్‌టార్చిలో వేసే సెల్ కన్నా కాస్త లావుపాటి గుండ్రటి సెల్స్ కనిపిస్తాయి. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు. అందుకే వాటిని 18650 సెల్స్ అంటారు. ఒక్కో సెల్ సుమారు 3.6 వోల్టులు ఇస్తుంది. మూడింటిని వరసగా కలిపితే దాదాపు 11 వోల్టులు. అలాంటి వరసలు రెండు ఉంటే ఆరు సెల్స్ బ్యాటరీ, మూడు ఉంటే తొమ్మిది సెల్స్ బ్యాటరీ. వోల్టేజీ మారదు కాబట్టే మామూలుదీ పెద్దదీ ఒకే మెషిన్‌కు సరిపోతాయి. పెరిగేది లోపల దాచుకున్న శక్తి మాత్రమే. దాన్ని చెప్పే కొలతే వాట్-అవర్. బ్యాటరీ మీద అది రాసి లేకపోతే వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణించండి. 10.8 వోల్టులు, 4400 మిల్లీ ఆంపియర్-అవర్లు అని ఉంటే 10.8ని 4.4తో గుణించాలి. వచ్చేది 47.5. దాన్నే కంపెనీ 48 అని రాస్తుంది.

ట్యాంకులో నీళ్లెన్ని అన్నది వాట్-అవర్లు చెబితే, కుళాయి ఎంత తిప్పామన్నది వాట్లు చెబుతాయి. సెల్స్ లెక్క ట్యాంకు సంగతి కూడా పూర్తిగా చెప్పదు. ఇందుకు మంచి ఉదాహరణ థింక్‌ప్యాడ్ టీ480. 2018లో వచ్చిన ఈ మోడల్‌కు రెండు బ్యాటరీలు. కింది మూత విప్పితే తప్ప తీయలేకుండా లోపల 24 వాట్-అవర్లది ఒకటి, వెనక నొక్కి తీసేది ఇంకొకటి. వెనక పెట్టేది మూడు రకాలుగా వచ్చింది: 24, 48, 72. ఇందులో 48దీ 72దీ రెండూ ఆరు సెల్స్ బ్యాటరీలే. ఒక దాంట్లో ఒక్కో సెల్ పట్టేది తక్కువ, ఇంకో దాంట్లో ఎక్కువ. ‘‘ఆరు సెల్స్‌దే కదా’’ అని ధర తగ్గిందని 48ది తెచ్చుకున్నవాళ్లు మూడో వంతు శక్తి వదులుకున్నట్టు. డెల్ లాటిట్యూడ్ ఈ6430లో తేడా మరీ స్పష్టం. ఆరు సెల్స్‌ది 60, తొమ్మిది సెల్స్‌ది 97.

ఇప్పుడు గంటల లెక్క. ల్యాప్‌టాప్ ఎన్ని వాట్లు తింటుందో తెలిస్తే భాగహారమే. టీ480 లాంటి మెషిన్ మీద వెలుతురు తగ్గించుకుని పీడీఎఫ్ చదువుతుంటే సుమారు 6 నుంచి 8 వాట్లు పోతాయి. వైఫై మీద వీడియో క్లాసు చూస్తుంటే పది, పన్నెండు. థింక్‌ప్యాడ్ టీ430, ఈ6430 లాంటి మరికాస్త పాత మెషిన్లలో ప్రాసెసరే ఎక్కువ తింటుంది కాబట్టి ఊరికే తెరిచి పెట్టినా పదికి దగ్గరగా పోతుంది. 8 వాట్లనుకుంటే 48 వాట్-అవర్లకు ఆరు గంటలు, 72కు తొమ్మిది. లోపలి 24 కలిస్తే మరో మూడు గంటలు. నారాయణగూడ కేఎంఐటీ లాంటి ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థి కోడ్ కంపైల్ చేస్తూ, వెనక ఇంకో రెండు సాఫ్ట్‌వేర్లు తెరిచి పెట్టుకుంటే 20 వాట్లు దాటడం పెద్ద పని కాదు. అప్పుడు అదే 72 మూడున్నర గంటలకే అయిపోతుంది. ఒకే బ్యాటరీ ఒకరికి రోజంతా, ఇంకొకరికి మధ్యాహ్నం దాకా. దుకాణదారు చెప్పిన ‘డబుల్’ అబద్ధం కాకపోవచ్చు గానీ, మీ పనేమిటో తెలియకుండా ఆయన చెప్పగలిగింది అంతే.

మీ మెషిన్ ఎంత తింటుందో కనుక్కోవడం కష్టం కాదు. పూర్తిగా చార్జ్ చేసి, ప్లగ్ తీసేసి, రోజూ చేసే పనే ఒక గంట చేయండి. ఎంత శాతం తగ్గిందో చూడండి. బ్యాటరీ ఇప్పుడు నిజంగా పట్టే వాట్-అవర్లలో అంత శాతమే మీ గంట ఖర్చు. ‘ఇప్పుడు నిజంగా పట్టే’ అన్నది ముఖ్యం. 48 వాట్-అవర్ల బ్యాటరీ నాలుగేళ్ల తర్వాత 48 పట్టదు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పవర్ అనే మాటకు సీ, ఎఫ్, జీ అక్షరాలు ఆనించి, ఒక ఖాళీ, ఒక స్లాష్, తర్వాత బ్యాటరీ, రిపోర్ట్ అనే రెండు మాటలూ ఖాళీ లేకుండా కలిపి ఇంగ్లిష్‌లో టైప్ చేసి ఎంటర్ కొడితే ఒక నివేదిక తయారవుతుంది. అందులో రెండు అంకెలు చూస్తే చాలు. డిజైన్ కెపాసిటీ అంటే పుట్టినప్పుడు పట్టింది, ఫుల్ చార్జ్ కెపాసిటీ అంటే ఇప్పుడు పడుతున్నది. అంకెలు మిల్లీవాట్-అవర్లలో ఉంటాయి. వెయ్యితో భాగిస్తే వాట్-అవర్లు. మొదటిది 48000, రెండోది 29000 అని వస్తే మీ బ్యాటరీ ఆరోగ్యం 60 శాతం. సెకండ్ హ్యాండ్ మెషిన్ కొనేవాళ్లు డబ్బు చేతిలో పెట్టే ముందు, అమ్మేవాడి ఎదుటే ఈ నివేదిక తీయించాలి. నిజాయితీగా అమ్మేవాడు కాదనడు.

చాలామందికి నివేదిక చూశాక ఒక సంగతి తేలుతుంది. వాళ్లకు కావాల్సింది పెద్ద బ్యాటరీ కాదు, మంచి బ్యాటరీ. పాతబడి 29కి పడిపోయిన దాని స్థానంలో అసలైన 48 వేస్తే మూడున్నర గంటలు కాస్తా ఆరు గంటలవుతుంది. స్టడీ హాల్‌లో నెల ఫీజు కట్టి, ప్లగ్ ఉన్న బల్ల దగ్గర కూర్చునేవాళ్లకు అంతకు మించి అక్కర్లేదు. వాళ్లకు బ్యాటరీతో పని పడేది దారిలో, కరెంటు పోయినప్పుడు, గ్రంథాలయంలో గోడ పక్క సీటు దొరకనప్పుడు. రోజుకు నాలుగైదు గంటలకు పైగా ప్లగ్‌కు దూరంగా ఉండేవాళ్లకే పెద్దది సాయపడుతుంది. పొద్దున వెళ్లి చీకటి పడేదాకా గ్రంథాలయం ఆవరణలోనే చెట్టు కింద చదువుకునేవాళ్లు, కాలేజీ నుంచి ట్యూషన్‌కు, అక్కడి నుంచి పార్ట్‌టైమ్ పనికి పోయేవాళ్లు ఆ కోవలోకి వస్తారు.

పెద్దదాని బరువు సంగతి కూడా ఉంది. ఒక్కో 18650 సెల్ 45 నుంచి 48 గ్రాములు. మూడు సెల్స్ పెరిగితే దాదాపు 150 గ్రాములు. రోజూ మోసే సంచిలో ఇది పెద్ద భారం కాదు గానీ, కిందికి పొడుచుకొచ్చిన భాగం వల్ల ల్యాప్‌టాప్ వెనక వైపు లేస్తుంది. టైపు చేసేటప్పుడు కొందరికి అదే హాయి, ఒళ్లో పెట్టుకుంటే మాత్రం గుచ్చుకుంటుంది. పెద్ద బ్యాటరీకి ఎవరూ చెప్పని లాభం ఒకటుంది. రోజూ ఖర్చు చేసే శక్తి అంతే అయినప్పుడు, పెద్దది పూర్తిగా ఖాళీ అయి నిండే సార్లు తగ్గుతాయి. లిథియం-అయాన్ సెల్స్ సాధారణంగా 300 నుంచి 500 పూర్తి సైకిళ్లకు 80 శాతానికి దిగుతాయి. కాబట్టి 72ది అదే పని మీద 48దాని కన్నా నెమ్మదిగా అరుగుతుంది. అయితే రోజంతా చార్జర్ తగిలించే ఉంచేవాళ్లకు ఈ లాభం రాదు. వాడకున్నా కాలం తనంతట తానే సెల్స్‌ను ముసలివి చేస్తుంది. నూరు శాతం నింపి, వేడిలో ఉంచితే ఇంకా తొందరగా.

వేడి మాట వచ్చింది కాబట్టి మన ఊరి ఎండ గురించి చెప్పుకోవాలి. మే నెలలో హైదరాబాద్‌లో బయటే 40 డిగ్రీలు దాటుతుంది. మేడ మీద రేకుల గదుల్లో, కిటికీ ఒక్కటే ఉన్న హాస్టల్ గదుల్లో ఇంకా ఎక్కువ. లిథియం సెల్‌ను 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చేయకూడదని తయారీదార్లే చెబుతారు. పరుపు మీద పెట్టి చార్జ్ చేస్తే కింది గాలి రంధ్రాలు మూసుకుపోయి లోపలి వేడి ఆ గీత సులువుగా దాటుతుంది. లెనోవో, డెల్, హెచ్‌పీ, ఆసుస్ మెషిన్లు చాలావాటిలో చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంటుంది. కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లోనో, బయోస్‌లోనో దొరుకుతుంది. స్టడీ హాల్ బల్ల దగ్గర ప్లగ్‌లోనే ఉంచి వాడేవాళ్లు ఈరోజే అది పెట్టుకోవాలి. ఎక్కడికైనా ప్రయాణం ఉన్న రోజు ముందు రాత్రి తీసేస్తే సరి. రూపాయి ఖర్చు లేకుండా బ్యాటరీ ఆయుష్షు పెరిగే మార్గం ఇంతకన్నా వేరే లేదు.

ఇక అసలు చిక్కు కల్తీ దగ్గర. పదేళ్ల కిందటి మోడల్‌కు కంపెనీ బ్యాటరీ కొత్తది దొరకడం కష్టం. దొరికేవి ‘కంపాటిబుల్’ అని వేరేవాళ్లు చేసినవి. వాటిలో మంచివీ ఉన్నాయి, స్టిక్కర్ మీద మాత్రమే పెద్దవీ ఉన్నాయి. పట్టుకోవడానికి చిన్న లెక్క చాలు. మార్కెట్లో దొరికే మంచి 18650 సెల్ సాధారణంగా 3500 మిల్లీ ఆంపియర్-అవర్లు దాటదు. ఆరు సెల్స్ బ్యాటరీలో రెండు వరసలే కాబట్టి గరిష్ఠంగా 7000. ‘ఆరు సెల్స్, 11.1 వోల్టులు, 7800’ అని రాసి ఉంటే అది స్టిక్కర్ వేసినవాడి గొప్పే. రెండో పరీక్ష తూకం. తొమ్మిది సెల్స్ అంటే సెల్సే 400 గ్రాముల పైన ఉండాలి, ప్లాస్టిక్, సర్క్యూట్ బోర్డు కలిపితే ఇంకొంచెం. కిరాణా కొట్టులో ఎలక్ట్రానిక్ తూకం మీద పెట్టి చూడండి. తొమ్మిది సెల్స్ అని చెప్పినది 330 గ్రాములే తూగితే లోపల ఆరే ఉన్నాయి. మూడోది భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు. మన దేశంలో అమ్మే లిథియం సెల్స్‌కు, బ్యాటరీలకు ఐఎస్ 16046 ప్రమాణం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. గుర్తు కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీకి, ఏ వస్తువుకు ఇచ్చారో కనిపిస్తుంది. నంబరు లేకపోయినా, ఉండి ఇంకెవరిదో చూపించినా ఆ బ్యాటరీ వద్దు. తయారీ తేదీ కూడా అడగాలి. డబ్బాలో మూడేళ్లు పడి ఉన్న ‘కొత్త’ బ్యాటరీ సగం వయసు అయిపోయిన బ్యాటరీ.

బ్యాటరీ కొనడానికి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీకి వెళ్లడం చిక్కడపల్లివాళ్లకు ఇప్పుడు సులువే. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్-ఎంజీబీఎస్ మెట్రో మొదలయ్యాక చిక్కడపల్లిలో ఎక్కితే అయిదో స్టేషనే పరేడ్ గ్రౌండ్. నాలుగు దుకాణాలు పక్కపక్కనే ఉన్నచోట ధర ఒక్కటే కాకుండా, ఒక్కో వాట్-అవర్‌కు ఎంత పడుతోందో లెక్కేసుకోండి. 48ది 2400 రూపాయలు, 72ది 3000 అన్నారనుకుందాం. మొదటిదానికి వాట్-అవర్‌కు 50 రూపాయలు, రెండోదానికి 42 కూడా పడదు. పెద్దదే చవకలా కనిపిస్తుంది. ఆ పెద్దది పేరూ ఊరూ లేనిదై, మొదటిది కంపెనీదై, ఏడాది వారంటీ రాసి బిల్లు ఇస్తామంటే నా ఓటు మొదటిదానికే. నమ్మకం లేని 72 ఏడాదిలో 40కి దిగితే మిగిలిందేమీ ఉండదు. పాత బ్యాటరీ విప్పి లోపల సెల్స్ మార్చి ఇస్తామనేవాళ్లు కూడా ఉంటారు. సెల్స్ ఎక్కడివో తెలియదు, వాటిని కనిపెట్టుకుని ఉండే సర్క్యూట్ బోర్డుకు పాత లెక్కలే గుర్తుంటాయి. నిద్రపోతున్న ఎనిమిది మంది గదిలో అలాంటిది చార్జింగ్‌లో పెట్టడం నాకు నచ్చదు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో పుట్టిన మంటల పొగ పైనున్న లాడ్జిలో 8 మంది ప్రాణాలు తీసింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ అంతకన్నా ఎన్నో రెట్లు చిన్నదే గానీ లోపల ఉండేది అదే జాతి సెల్.

కొత్త ల్యాప్‌టాప్ కొనేవాళ్లకు నా సలహా తిరగబడుతుంది. ఇప్పటి మెషిన్లలో బ్యాటరీ లోపలే స్క్రూలతో బిగించి ఉంటుంది, బల్లపరుపు పౌచ్ సెల్స్‌తో. థింక్‌ప్యాడ్ టీ సిరీస్‌లో కూడా 2019లో వచ్చిన టీ490 నుంచి వెనక బ్యాటరీ తీసేశారు. ఒకే మోడల్ పేరు మీద చిన్న బ్యాటరీ వేరియంట్, పెద్ద బ్యాటరీ వేరియంట్ రెండూ అమ్ముతారు. డెల్ లాటిట్యూడ్ 5400లో మూడు సెల్స్ 51 వాట్-అవర్లది, నాలుగు సెల్స్ 68ది ఉన్నాయి. చిన్నది వేస్తే మిగిలే జాగాలో హార్డ్ డిస్క్ పడుతుంది, పెద్దది వేస్తే పట్టదు. చిన్నదానితో కొన్నాక మనసు మారితే పెద్దది వేయించడం ఒక్కోసారి కుదరనే కుదరదు, కుదిరినా ఖర్చు ఎక్కువ. కాబట్టి కొత్తది కొనేటప్పుడు రెండు వేరియంట్ల మధ్య తేడా భరించగలిగేదైతే పెద్దదే తీసుకోండి. పెట్టె మీద ‘పది గంటల వరకు’ అన్న మాట పక్కన పెట్టి, వాట్-అవర్ల అంకె ఎక్కడుందో వెతకండి. ఆ పది గంటలు సాధారణంగా వెలుతురు తగ్గించి, ఒకే వీడియో ఆడించి కొలిచినవి.

మధ్యేమార్గం ఇంకొకటుంది. యూఎస్‌బీ-సీ తో చార్జ్ అయ్యే ల్యాప్‌టాప్ అయితే పవర్ బ్యాంకు తీసుకోవచ్చు. ఫోను కోసం కొన్న మామూలు పవర్ బ్యాంకు పనికిరాదు, పవర్ డెలివరీ పద్ధతిలో 45 లేదా 65 వాట్లు ఇవ్వగలిగేది కావాలి. 20000 మిల్లీ ఆంపియర్-అవర్లు అని రాసి ఉంటే అది లోపలి సెల్ 3.7 వోల్టుల లెక్క, అంటే 74 వాట్-అవర్లు. మార్పిడిలో కొంత పోగా అరవై దాకా చేతికొస్తాయి. పీడీఎఫ్ చదువుకు ఏడు గంటలు. ఫోన్‌కూ అదే పనికొస్తుంది, ల్యాప్‌టాప్ మారినా వెంట ఉంటుంది. టీ480 ఉన్నవాళ్లకు దీని అవసరం కూడా లేదు. లోపలి బ్యాటరీ నిలబెడుతుంది కాబట్టి మెషిన్ ఆపకుండానే వెనకది తీసి ఇంకొకటి పెట్టుకోవచ్చు.

చదువుకు అమెరికా వెళ్లే పిల్లలు ఒక అంకె గుర్తుంచుకోవాలి: 100. విమానంలో 100 వాట్-అవర్ల వరకు ఉన్న బ్యాటరీని అనుమతి అడగకుండా తీసుకెళ్లొచ్చు. అది దాటి 160 వరకు విమాన సంస్థ ఒప్పుకోవాలి. విడిగా ఉన్న బ్యాటరీలు, పవర్ బ్యాంకులు చేతి సంచిలోనే, చెక్-ఇన్ సామానులో పెట్టకూడదు. తొమ్మిది సెల్స్ పెద్ద బ్యాటరీలు 94, 97 దగ్గర ఆగిపోవడం ఈ గీతకు ఇవతలే ఉండటానికి పనికొచ్చింది. స్టిక్కర్ మీద గొప్పలు రాసిన కంపాటిబుల్ బ్యాటరీ 110 అని చూపిస్తే, లోపల నిజంగా 50 ఉన్నా సరే, ఎయిర్‌పోర్టులో సమాధానం చెప్పుకోవాల్సింది మీరే.

పాతదాన్ని ఏం చేయాలన్నది చాలామంది మరిచిపోతారు. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, మూత సరిగ్గా పడకపోయినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. ఆ రోజు నుంచే వాడకం ఆపాలి. గుచ్చకూడదు, అదిమి లోపలికి నొక్కకూడదు, బకెట్‌లో చెత్తతో కలిపి పడేయకూడదు. కాంటాక్టుల మీద టేపు అంటించి, కొత్తది కొన్న దుకాణంలోనో, అధికారిక ఈ-వేస్ట్ సేకరణ కేంద్రంలోనో ఇవ్వండి. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం అమ్మిన బ్యాటరీలను తిరిగి సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారుది. దుకాణదారు ‘‘మేం తీసుకోం’’ అంటే ఆ మాట చెప్పి అడగండి. పాతది వెనక్కి తీసుకునే దుకాణం దొరికితే, తర్వాతి బ్యాటరీ కూడా అక్కడే కొనండి.